ఎడ్ల పందెంలో పేరయ్య గుండె

నేను ఒక గుండె చప్పుడు పట్టే యంత్రాన్ని. ఆసుపత్రిలో నా పేరు హోల్టరు. అగ్గిపెట్టె కంటే పెద్ద, సబ్బుబిళ్ళ కంటే చిన్న. చూడటానికి ఏమీ ఉండను కానీ, నన్ను తక్కువ అంచనా వేయకండి! డాక్టరు గారు మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీస్తారు చూడండి, ఆ కాసేపు మీ గుండె కొత్త అల్లుడిలా ఒద్దికగా కూర్చుంటుంది. కాసేపైతే ఎవరైనా మర్యాదగానే ఉంటారు. నా సంగతి అలా కాదు. మీ మెడలో వేలాడి, చొక్కా లోపల దూరి, రాత్రీ పగలూ మీతో కాపురం చేస్తాను. మీరు తిన్నా, తిట్టినా, మెట్లెక్కినా, వద్దన్న ఆవకాయ చాటుగా నాకినా, అప్పుడు మీ గుండె ఏమందో నాకు తెలిసిపోతుంది. ఇంత మజా ఉన్న ఉద్యోగం ఇంకెవరికైనా ఉందా, చెప్పండి!

నేను పుట్టింది ఎక్కడో చల్లటి గదిలో. తెల్లటోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు సన్నటి పట్టకార్లతో నన్ను కూర్చారు. నాకు జీవం వచ్చాక మొదట ఒక ఉత్తుత్తి గుండెకు కట్టి చూశారు. అది కూడా నాలాంటి పెట్టే. టిక్కు, టిక్కు, టిక్కు. ఎంతసేపు విన్నా అదే పాట. గుండె అంటే ఇంతేనా, ఈ మాత్రానికి నన్ను పుట్టించాలా అని నీరసపడిపోయాను.

తర్వాత గుంటూరులో ఒక గుండె ఆసుపత్రికి వచ్చాను. అక్కడ టెక్నీషియన్ సువార్త నన్ను అట్టపెట్టెలోంచి తీసి, రోగులకు కట్టే ముందు తనే కట్టుకుని చూసింది. అప్పుడు విన్నానండీ బతికున్న గుండెను! గాలి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నిదానం. గుమ్మంలోంచి పెద్ద డాక్టరు పిలిస్తే ఒక ఉలికిపాటు. ఇంటి నుంచి ఫోను వస్తే ఇంకో రకం హడావిడి. ఒక్క క్షణం ఉన్నట్టు ఇంకో క్షణం లేదు. ఆ రోజు నాకు పట్టపగ్గాలు లేవు. మనుషులు లోపల ఇంత సందడి పెట్టుకుని, పైకి ఏమీ ఎరగనట్టు టిఫిన్ క్యారియరు సర్దుకుని ఎలా తిరుగుతారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

సువార్త చేతి పని చూసి తీరాల్సిందే. ఛాతీ శుభ్రంగా తుడిచి, జిగురు బిళ్ళలు అతికించి, వాటికి నా తీగలు తగిలించి, నన్ను సంచిలో పెట్టి మెడలో వేస్తుంది. ఆపైన అందరికీ ఒకే మాట చెబుతుంది. "నీళ్ళు తగలనివ్వకండి. మిగతా పనులన్నీ రోజూ ఎట్లా చేస్తారో అట్లాగే చేసుకోండి." మొదటి వాక్యం అందరూ వింటారు. రెండోది ఎవరి చెవికీ ఎక్కదు.

మనుషుల్లో నాకు అంతుపట్టని సంగతి ఇదే. నన్నేదో పరీక్ష హాల్లో కాపలా కాసే మాస్టారు అనుకుంటారు. నన్ను కట్టుకున్న రోజు ప్రతివాళ్ళూ బుద్ధిమంతులే! గంటకో కాఫీ తాగే లెక్చరరు ఆ రోజు మజ్జిగతో సరిపెట్టాడు. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఆఫీసరు మెట్లెక్కాల్సి వస్తుందని కింద వాటాలో చుట్టంలా దిగబడ్డాడు. కోడలి పేరెత్తితేనే చిటపటలాడే ఒకావిడ, ఆ రోజు కోడల్ని పిలిచి "బంగారు తల్లీ" అంది. ఆ మాటకు కోడలి గుండె ఏమైపోయిందో గానీ, నేను అత్తగారి మెడలో ఉండిపోయాను. అందరి కోరికా ఒకటే, రిపోర్టు బాగా రావాలి. రోగం పట్టుకోవడానికే కదయ్యా నన్ను కట్టింది, దాన్ని దాచిపెడితే నేనెందుకు, మీ మెడలో నగలాగా వేలాడటానికా అని అరవాలనిపించేది. నాకు గొంతు లేదు కాబట్టి బతికిపోయారు.

అలాంటి బుద్ధిమంతులందరినీ తలదన్నినవాడు పేరయ్య.

పేరయ్యది పల్నాడులో కొండ్రుపాలెం. మిరప, పత్తి వేసే రైతు. యాభై దాటాయి, గుబురు మీసం, గుడి గంటలాంటి గొంతు. ఆయన లోకం చిన్నది. భార్య అంకమ్మ, ఒక జత ఒంగోలు ఎడ్లు. నుదుట మచ్చ ఉన్నది చుక్కడు, తల ఎగరేసి నడిచేది దొరబాబు. అవి బండలాగుడు పందేల ఎడ్లు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, పెద్ద రాతిబండకు గొలుసు కట్టి, ఒక జత ఎడ్లు దాన్ని మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు లాగాలి. పెట్టిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. మిగతావాళ్ళు ఎడ్ల పక్కన పరుగెడుతూ అదిలిస్తారు. పేరయ్య పద్ధతే వేరు. ఎడ్లకు ఎదురుగా నిలబడతాడు. వాటి మొహాల్లోకి చూస్తూ వెనక్కి వెనక్కి పరుగెడుతూ పిలుస్తాడు. చేతిలో కర్ర ఉండదు. "రారా చుక్కా! రారా దొరా! హొయ్ హొయ్!" అంటే చాలు, అవి బండను ఈడ్చుకుంటూ ఆయన వెంట వచ్చేస్తాయి. ఆ గొంతు తప్ప ఇంకెవరి మాటా వాటికి పట్టదు. ఆ సంగతి చెప్పుకుని పేరయ్య మీసం దువ్వుకునేవాడు.

ఇంతటి మనిషికి గుండె దడ పట్టుకుంది. గుండె పై గదులు కొట్టుకోవలసిన తీరు మరిచిపోయి గిలగిలలాడే జబ్బు అది. మందులకు లొంగలేదు. మా ఆసుపత్రిలో డాక్టర్ షమీమ్ ఆయన తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగను గుండె దాకా పంపి, పిచ్చి కరెంటు పుట్టే చోటు చుట్టూ చిన్నచిన్న వాతలు పెట్టింది. దాన్ని అబ్లేషన్ అంటారు. గొడ్లు పడకుండా చేను చుట్టూ కంచె వేస్తారే, అలాంటి పని. కరెంటు ఆ గీత దాటి రాకూడదు.

ఇంటికి పంపేటప్పుడు ఆవిడ విడమరిచి చెప్పింది. "పేరయ్య గారూ, వాతలు మానేదాకా గుండె కొంచెం అల్లరి చేస్తుంది. మూడు నెలలు ఓపిక పట్టండి. పాత దడ మళ్ళీ కనిపించొచ్చు, కొందరికి కొత్త రకం దడ రావొచ్చు. చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. కానీ కళ్ళు తిరిగినా, స్పృహ తప్పినా దాచకుండా చెప్పాలి. రక్తం పలచబరిచే బిళ్ళ ఒక్క పూట కూడా మానకూడదు."

"అట్టాగేనమ్మా" అన్నాడు పేరయ్య.

రెండో నెలలో ఆయన్ను మళ్ళీ రమ్మని నన్ను కట్టారు. అలా మా పరిచయం. సువార్త నన్ను మెడలో వేస్తుంటే, "అమ్మాయ్, ఇది ఎద్దుకు కట్టే మువ్వల పట్టెడలాగుందే!" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన గుండె ఎంత హాయిగా గంతేసిందో! వీడు నా మనిషి అనుకున్నాను. ఇక పొలంలో నడుస్తాడు, మిరప బస్తా ఎత్తుతాడు, అరుస్తాడు, నాకు పండగే అని సంబరపడ్డాను.

ఏం పండగ! ఇంటికి పోగానే పేరయ్య నులక మంచం ఎక్కాడు. ఎక్కినవాడు దిగడే! మరచెంబుతో నీళ్ళు మంచం దగ్గరికే, పెరుగన్నం మంచం దగ్గరికే. అంకమ్మ ఏదో సాధించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఈ ఒక్కరోజు నన్నేమీ అనబాక. దీంట్లో పడిద్ది" అని గుసగుసలాడాడు.

"ఏందయ్యా, దీంట్లో నా మాట కూడా పడిద్దా?" అంది అంకమ్మ, నా వైపు అనుమానంగా చూస్తూ. "అట్టయితే రోజూ కట్టుకో. కాపురానికొచ్చినాక నువ్వు ఇంత నెమ్మదిగా మాట్టాడింది ఈరోజే."

నాకు ప్రాణం విసిగిపోయింది. మళ్ళీ ఆ ఉత్తుత్తి గుండె దగ్గరికే వచ్చానా అనిపించింది. సాయంత్రం ఒక్కసారి మాత్రం మంచం దిగి, గడప పట్టుకుని మెల్లగా గొడ్ల చావిట్లోకి వెళ్ళాడు. చుక్కడి గంగడోలు నిమురుతూ, ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి!

"ఒరే చుక్కా, మొన్న మీ ముందే గదరా జారి కూలబడ్డా. మిరప చేలో ఇంకోసారి పడ్డా. దడ వస్తే ఓర్చుకుంటానురా. అది ఆగేటప్పుడే కళ్ళకు చీకట్లు కమ్ముతున్నయ్. మీ అమ్మకు చెప్తే డాక్టరమ్మకు చెప్పిద్ది. డాక్టరమ్మ పందెం వద్దంటది. శివరాత్రి తిరునాళ్ళ పందెం పోతే మళ్ళా ఏడాదిదాకా మీకు పోటీ ఏది రా?"

అదండీ సంగతి. పొద్దస్తమానం పక్కనే ఉండి కంచంలోకీ మంచంలోకీ అందిస్తున్న భార్యకు చెప్పని మాట, ఎడ్లకు చెప్పుకున్నాడు. అంతకుముందే అంకమ్మ, "చేలో ఎందుకు పడ్డావు?" అని అడిగితే, "అన్నం తినకుండా పొయ్యా, అందుకే" అని తప్పించుకున్న మాట కూడా నేను విన్నాను. చుక్కడు ఆయన చెయ్యి నాకాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కళ్ళు చీకట్లు కమ్మే మనిషి, బండ లాగే ఎడ్లకు ఎదురుగా వెనక్కి పరుగెత్తితే ఏమవుతుందో ఊహించుకోండి. పడితే ముందు గిట్టలు, వాటి వెనక బండ.

మర్నాడు రిపోర్టు చూసింది డాక్టర్ షమీమ్. ఒక్క తేడా లేదు. పేరయ్య మొహం చాటంతైంది. "ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?" అని అడిగితే "లేదమ్మా" అన్నాడు. నా కాగితం మీద గీతలన్నీ ఆవిడ మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చూసింది.

"పేరయ్య గారూ, రైతు గుండె ఒక్కసారైనా పైకి లేవదా? ఇది గుండె రిపోర్టు కాదు, మంచం రిపోర్టు. మళ్ళీ కడుతున్నాను. ఈసారి మూడు రోజులు ఉంచుకోండి. ఇంట్లో తిరగండి, చేలోకి నడవండి, గొడ్ల పని చూసుకోండి. పరుగులు మాత్రం వద్దు. ఎడ్ల పందేలు అసలే వద్దు."

భేష్ తల్లీ అనుకున్నాను! పేరయ్య తల ఊపుతూనే ఉన్నాడు. కొండ్రుపాలెం చేరేసరికి ఆ మాటల్లో ఆయనకు పనికొచ్చేవి రెండే మిగిలాయి. ఊళ్ళో ఎవరడిగినా, "రిపోర్టు బ్రహ్మాండంగా ఉందంట. గొడ్ల పని చూసుకోమంది డాక్టరమ్మ" అనేవాడు. మధ్యలో రాలిపోయిన మాటల గురించి అడిగే దిక్కు లేదు, ఒక్క అంకమ్మ తప్ప.

"పందెం వద్దందిగా!"

"వద్దందే. నేను లోపలికి పోను. మీ తమ్ముడు సాంబయ్య అదిలిస్తాడు. నేను మైదానం చుట్టూ కట్టిన తాడు బయట నిలబడి చూస్తా. ఒట్టు."

ఒట్టు వేసేటప్పుడు ఆయన గుండె నిజంగానే నిమ్మళంగా ఉంది. అబద్ధమాడాలని అనుకోలేదు పాపం. ఆ మాటకు నేనే సాక్షి.

నేనింకా ఆయన మెడలో ఉండగానే తిరునాళ్ళ రోజు వచ్చింది. అబ్బబ్బ, ఆ రోజు! పొద్దున్నే ఎడ్ల కొమ్ములకు కుప్పెలు తొడిగారు, మెడలో గంటల పట్టెడలు కట్టారు. ఆ గంటల మోతకు పేరయ్య గుండె హుషారెక్కింది, ఆ హుషారు నాకు అంటుకుంది. మైదానం చుట్టూ జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. ట్రాక్టర్ల మీద, గోడల మీద, చెట్టు కొమ్మల మీద మనుషులే. మిరపకాయ బజ్జీల వాసన, దుమ్ము, ఈలలు. మైకులో ఒకాయన గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆసుపత్రి కారిడార్లలో చెప్పుల చప్పుడు విన్న నాకు ఇది స్వర్గం!

పేరయ్య ఒట్టు ప్రకారం తాడు బయటే నిలబడ్డాడు. పక్కన అంకమ్మ, ఆయన చొక్కా అంచు పట్టుకుని. సాంబయ్య మరో ఇద్దరితో కలిసి జతను బండకు కట్టాడు. ఈల పడింది. సాంబయ్య అదిలించాడు. ఎడ్లు కదల్లేదు. ఇంకోసారి అరిచాడు. చుక్కడు తల తిప్పి జనంలో ఎవరికోసమో చూశాడు. దొరబాబు నేలను గిట్టతో గీరాడు తప్ప అడుగు వెయ్యలేదు.

"ఏంది బాబూ! పేరయ్య గారి జత ఫొటో దిగటానికొచ్చిందా?" అన్నాడు మైకాయన. జనం గొల్లున నవ్వారు.

ఆ నవ్వు పేరయ్య గుండెకు ఎట్లా తగిలిందో నేను చెప్పలేను. గంట గట్టిగా కొట్టినట్టయింది. మరుక్షణం చొక్కా అంచు అంకమ్మ చేతిలోంచి జారిపోయింది. తాడు దూకాడు! "ఓయ్! ఆగయ్యా!" అని అంకమ్మ వేసిన కేక జనం ఈలల్లో కలిసిపోయింది. పేరయ్య ఎడ్లకు ఎదురుగా వెళ్ళి, చేతులు చాపి, గొంతెత్తాడు.

"రారా చుక్కా! రారా దొరా! హొయ్!"

కదిలింది బండ! ఏం కదలడం అది! గొలుసు బిగిసింది, నేల కీచుమంది, ఎడ్ల మెడలు వంగాయి. పేరయ్య వెనక్కి పరుగు, అవి ముందుకు పరుగు. "అద్గదీ! గొంతు రా, గొంతు! చూడండి పేరయ్య గొంతు!" అని మైకాయన ఎగిరి గంతేస్తున్నాడు. గుండె వేగం పెరుగుతోంది, ఇంకా పెరుగుతోంది, ఒక పద్ధతిగా, మెట్టుమెట్టుగా. ఇది జబ్బు కాదు, ఇది పరుగు! నా తీగల్లో కరెంటు కాదు, సంతోషం పారింది. డాక్టరమ్మ వద్దన్నదీ, చావిట్లో విన్నదీ అన్నీ మరిచిపోయి, నేను కూడా హొయ్ హొయ్ అన్నాను. నా బుద్ధి అంతే. అంత గొప్పగా కొట్టుకునే గుండెను నేను అంతకుముందు చూసి ఉండలేదు.

మొదటి కొస దాటింది. జతను మళ్ళించారు. రెండో సారి సగం దూరం వచ్చేసరికి, ఉన్నట్టుండి ఆ మెట్లు మాయమయ్యాయి. గుండె ఒక్క గంతులో వేరే వేగంలోకి దూకింది. హెచ్చూ తగ్గూ లేదు, ఊపిరితో సంబంధం లేదు, అదే బిర్రు, అదే దూకుడు. గుర్తుపట్టాను. వాతల మచ్చల చుట్టూ దారి వెతుక్కుని కరెంటు గిరగిరా తిరుగుతోంది. డాక్టరమ్మ చెప్పిన కొత్త దడ ఇదే! పేరయ్యకు కూడా తెలిసింది. పిలుపు పొట్టిదైంది. "రారా... చుక్కా..." ఆయాసం. అయినా కాళ్ళు ఆపలేదు. ఆగవయ్యా, ఆగు, పక్కకు తప్పుకో అని నేను లోలోపల గింజుకుంటున్నాను. దడ వస్తే ఓర్చుకుంటానన్నాడుగా. ఆయన భయం, నా భయం అది ఆగే క్షణం గురించే.

ఆగింది.

దడ తెగిపోయింది. తర్వాత రావలసిన చప్పుడు రాలేదు. దడ ఆగాక గుండెకు అసలు లయ ఇచ్చే చోటు నిద్ర లేవాలి. అది లేవలేదు. నా లోపల గీత తిన్నగా పోతోంది. ఒక చప్పుడు కోసం నేను ఎదురుచూసినట్టు ఏ తల్లీ బిడ్డ కోసం చూసి ఉండదు. మైదానమంతా ఈలలు, కేకలు. పేరయ్య లోపల మాత్రం నిశ్శబ్దం. మోకాళ్ళు మడతపడ్డాయి. వెల్లకిలా దుమ్ములో పడ్డాడు. ఆయన కాళ్ళకు మూరెడు దూరంలో చుక్కడి గిట్టలు.

ఎడ్లు ఆగిపోయాయి.

రెండూ ఒకేసారి, గొలుసు వదులై బండ నిలిచిపోయేలా, కాళ్ళు నేలలోకి తన్ని ఆగిపోయాయి. ఎవరూ ఆపలేదు. సాంబయ్య చేతిలో పగ్గం వదులుగానే ఉంది. గొంతు ఆగింది, అవీ ఆగాయి. చుక్కడు వంగి పేరయ్య మొహం వాసన చూశాడు. అప్పుడు వచ్చింది ఒక చప్పుడు! కాస్త ఆగి ఇంకొకటి. ఆ వెంట ఇంకొకటి! గుండె లేచింది! నాకు కన్నీళ్ళుంటే అక్కడే బొటబొటా ఏడ్చేవాణ్ణి.

పేరయ్య కళ్ళు తెరిచి, ఎవరో చెయ్యి ఇస్తే లేచి కూర్చున్నాడు. ఇదంతా జరగడానికి పట్టింది కాసిని క్షణాలే. చూసినవాళ్ళకు ఒక మనిషి కాలు జారి పడ్డట్టే కనిపించింది. సాంబయ్య పరుగెత్తుకొచ్చి, "బావా, కాలు జారిందా?" అన్నాడు. పేరయ్య అవునన్నట్టు తల ఊపాడు. ఇంకా నయం, ఇక్కడితో సరిపోయిందని ఆయన గుండె కాస్త సర్దుకుంటోంది కూడా. ఈలోపు గడువు అయిపోయింది. మైకు మళ్ళీ మోగింది.

"అయ్యో అయ్యో! గెలిచే పందెం బాబూ ఇది! బండ సగంలో ఉండగా పేరయ్య గారి జత మొండికేసింది! మొండి ఎడ్లు బాబూ, మొండి ఎడ్లు!"

జనం అందుకున్నారు. "మొండి ఎడ్లు! మొండి ఎడ్లు!"

ఆ నేల మీద ఎద్దు ఓడిపోవచ్చు, తప్పు లేదు. బండ మధ్యలో మొండికేసిందన్న పేరు మాత్రం రాకూడదు. ఒకసారి వచ్చిందా, ఆ ఎద్దును ఇక ఏ తిరునాళ్ళకూ పిలవరు. కట్టుకొయ్య దగ్గరే దాని బతుకు తెల్లారిపోతుంది. పేరయ్య చుక్కడి మొహంలోకి చూశాడు. నోట్లో నురగలు కారుస్తూ అది ఆయన్నే చూస్తోంది. ఆయన గుండెలో ఏదో తెగిపోయినట్టు నాకు తెలిసింది. అది జబ్బు కాదు. జబ్బయితే నేను చెప్పగలను.

లేచాడు. సాంబయ్య భుజం పట్టుకుని, తూలుతూ, మైకు పందిరి దగ్గరికి నడిచాడు. మైకాయన చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఎవరయ్యా నా ఎడ్లను మొండియ్యంది?" అని జనం వైపు తిరిగాడు. "అవి మొండికెయ్యలా. ఆగింది అవి కాదు. నా గుండె. నాకు గుండె జబ్బుంది. ఆపరేషనయింది. కళ్ళు తిరిగి పడిపోతన్నా. చావిట్లో పడ్డా, చేలో పడ్డా, ఎందుకు పడ్డానో ఎవురికీ చెప్పలా. ఈరోజు మీ అందరి ముందు పడ్డా. ఆ మూగజీవాలు ఆగకపోతే ఈపాటికి బండ కిందుండేవాణ్ణి. తప్పు నాది. వాటిని మాత్రం ఏమీ అనబాకండి."

చొక్కా గుండీలు తెంపి నన్ను బయటికి లాగి చూపించాడు. అంత జనం ముందు, తీగలతో సహా! సిగ్గుతో, గర్వంతో నాకు ఊపిరాడలేదు. మైకాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరో ఒకాయన ముందుకొచ్చి చుక్కడి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆపైన చప్పట్లు మొదలయ్యాయి. ఎడ్లకోసం చప్పట్లు! పేరయ్య మీసాల కింద నవ్వు మెదిలింది.

ఆ నవ్వు పూర్తి కాకముందే అంకమ్మ వచ్చింది. తాడు కింది నుంచి దూరి, కొంగంతా దుమ్ము, జుట్టు ముడి ఊడిపోయి. కొడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు, కొట్టలేదు. ఆయన ముందు నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"ఎడ్ల పేరు పోద్దని ఇంతమందిలో చెప్పావే. నా పుస్తె పోద్దని, నాకొక్కదానికి చెప్పలేకపోయావా అయ్యా?"

చప్పట్లు ఆమె వెనక ఇంకా మోగుతూనే ఉన్నాయి. పేరయ్య నన్ను మళ్ళీ చొక్కా లోపలికి తోసుకున్నాడు. ఆ నిమిషంలో ఆయన గుండె కొట్టుకున్న తీరు నా దగ్గర భద్రంగా ఉంది. తర్వాత దాన్ని చూసిన డాక్టరమ్మ, "ఇక్కడ మామూలే, కొంచెం వేగం, అంతే" అని పేజీ తిప్పేసింది. నేను చెప్పగలిగిందీ అంతే. సిగ్గును కొలిచే తీగ నాకు లేదు.

ఆ సాయంత్రమే జీపులో గుంటూరు తెచ్చారు. డాక్టర్ షమీమ్ నా గీతలు చూసి, ఆ దూకుడు దగ్గర ఆగింది, ఆ తిన్నటి గీత దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. కోప్పడాలని నోరు తెరిచి, అంకమ్మ మొహం చూసి మానుకుంది. ఆ తిన్నటి గీత మళ్ళీ రాకుండా గుండెను నిదానం చేసే మందు తగ్గించి, కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే కళ్ళ ముందు పెట్టుకుంది. వాతలు మానాక కూడా ఆ కొత్త దడ పోలేదు. అప్పుడు రెండోసారి తీగ పంపి, కరెంటు తిరిగే దొంగ దారిని మూసేసింది. దడే లేకపోతే దడ ఆగినప్పటి చీకటి కూడా ఉండదు కదా. గుండెను నడిపించే వేరే యంత్రమేదీ లోపల పెట్టాల్సిన పని రాలేదు.

ఇప్పుడు నేను పాతబడ్డాను. ఛాతీ మీద బిళ్ళలా అతుక్కునే కొత్తవి వచ్చాయి, వాటికి తీగలు లేవు, మెడలో సంచి లేదు. నేను సువార్త బల్ల సొరుగులో, తుప్పు పట్టిన కత్తెర పక్కన ఉంటున్నాను. నాకేం బాధ లేదు. పందెంలో పరుగెత్తిన హోల్టరు ఈ జిల్లాలో నేను తప్ప ఇంకోటి లేదని గట్టిగా నమ్ముతున్నాను. ఆ కత్తెరకు రోజూ ఆ కథే చెబుతాను. అది వింటుందో లేదో నాకనవసరం!

నా ఆఖరి డ్యూటీ కూడా పేరయ్య గుండె మీదే. రెండో అబ్లేషన్ అయి నెలలు గడిచాక, ఒకసారి చూద్దామని సువార్త నన్నే వెతికి తీసి కట్టింది. ఈసారి ఆయన మంచం ఎక్కలేదు. చేలోకి నడిచాడు, సాంబయ్యతో తగువు పడ్డాడు, ఎడ్లకు నీళ్ళు పట్టాడు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ వచ్చి డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కాగితాలు ఇంకా చూడకుండానే అలవాటుగా అడిగింది.

"ఏమైనా తేడా తెలిసిందా పేరయ్య గారూ?"

"తెలిసిందమ్మా. రాత్రి పడుకోబోయేముందు రెండుసార్లు గుండె తడబడింది. అప్పుడే దీనికి చెప్పా" అన్నాడు పేరయ్య, భార్య వైపు చూపిస్తూ.

"రెండు కాదమ్మా, మూడు" అంది అంకమ్మ. "నా చెయ్యి ఆయన గుండె మీదే ఉంది."

డాక్టరమ్మ నా కాగితం తిప్పి చూసింది. నేను రాసుకున్నవీ మూడే.